హిజ్లీ గోడ దాటినవాడు: వేట కథ చెప్పని చట్టం

చెర నుంచి తప్పించుకున్న ఒక ముఠా నాయకుడు. అతని కోసం ఊరూవాడా గాలించే డిటెక్టివులు. ఇరుకు సందుల్లో, పాడుబడ్డ గోదాముల్లో కాళ్ళూ చేతులే ఆయుధాలుగా సాగే పోరాటాలు. చివరికి బేడీలో, శవమో. హాంకాంగ్ నుంచి హైదరాబాద్ దాకా యాక్షన్ సినిమా ఈ కథను వందల సార్లు చెప్పింది. ఇందులో ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలవాలో మొదటి రీలులోనే తేలిపోతుంది. పారిపోయినవాడు నేరస్తుడన్నది కథకు పునాది. ఆ నేరాన్ని ఎవరు రుజువు చేశారు, ఏ న్యాయస్థానం శిక్ష వేసింది, అసలు విచారణ జరిగిందా అనే ప్రశ్నలకు తెరమీద చోటుండదు. వాటికి చోటిస్తే పరుగు ఆగిపోతుంది.

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. ఈ సూత్రాన్ని కొంత తిరగేసింది. వేటాడే పోలీసు అధికారికి రామరాజు అని పేరు పెట్టి, వేటకు గురయ్యేవాడికి భీమ్ అని పేరు పెట్టి, తెలుగు ప్రేక్షకుడిని ఇద్దరి పక్షానా నిలబెట్టింది. కానీ అక్కడా పోలీసు దుస్తులు ఒక ముసుగేనని త్వరలోనే తెలిసిపోతుంది గనుక ప్రేక్షకుడి మనస్సాక్షికి పెద్ద ఇబ్బంది కలగదు. చరిత్రలో జరిగిన వేటలు అంత సులువుగా సర్దుకోవు. అటువంటి ఒక వేట తెలుగువారికి బాగా తెలిసిన ఊరి పక్కనే మొదలైంది.

ఆ ఊరు ఖరగ్‌పూర్. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షన్‌ను, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలాది మంది పని వెతుక్కుంటూ ఆ దారిన వెళ్ళారు. నాలుగైదు తరాలు గడిచినా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తూనే ఉంది. 1927లో ఆ వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మె జాతీయ వార్త అయింది. ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించిన నాయకుల్లో బరంపురానికి చెందిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఖరగ్‌పూర్ అంటే మన పాఠకులకు స్ఫురించేవి రెండే: చాంతాడంత పొడవైన రైలు ప్లాట్‌ఫారం, ఐ.ఐ.టి. ఆ ఐ.ఐ.టి. పుట్టిన చోటు హిజ్లీ. పుట్టిన భవనం ఒక నిర్బంధ శిబిరం.

నిజానికి ఆ భవనాన్ని చెరసాలగా కట్టలేదు. విశాలమైన మేదినీపూర్ జిల్లాను విడగొట్టి హిజ్లీ పేరుతో కొత్త జిల్లా ఏర్పాటు చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. దాని కలెక్టరేటు కోసం ఎత్తైన బురుజుతో ఈ కట్టడం లేచింది. జిల్లా మాత్రం కాగితం మీదే మిగిలిపోయింది. ఖాళీగా ఉన్న భవనానికి 1930లో అద్దెదారులు దొరికారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి జరిగింది. దేశమంతా ఉప్పు సత్యాగ్రహంలో ఉంది. బెంగాల్ జైళ్ళు నిండిపోయాయి. విచారణ లేకుండా పట్టుకున్నవారిని ఉంచడానికి బక్సా కోటలోను, బరంపూర్‌లోను, హిజ్లీలోను, తర్వాత రాజపుతానాలోని దేవ్‌లీలోను శిబిరాలు తెరిచారు.

ఇక్కడ మాటల విషయంలో జాగ్రత్త అవసరం. హిజ్లీలో ఉన్నవారు ఖైదీలు కారు. ఖైదీ అంటే ఒక నేరానికి న్యాయస్థానం శిక్ష వేసినవాడు. హిజ్లీలో ఉన్నవారు ‘డెటిన్యూ’లు, అంటే నిర్బంధితులు. 1930 నాటి బెంగాల్ క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం, ఫలానా వ్యక్తి ఉగ్రవాద సంస్థ సభ్యుడని ప్రభుత్వం నమ్మితే చాలు. సాక్షులు బోనెక్కనక్కర లేదు. నిందితుడి న్యాయవాదికి ప్రశ్నించే అవకాశం ఇవ్వనక్కర లేదు. గూఢచారి విభాగం కాగితాలను ఇద్దరు న్యాయాధికారులు గుట్టుగా పరిశీలించి తలూపితే సరిపోయేది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఈస్టిండియా కంపెనీ కాలపు 1818 నాటి మూడవ రెగ్యులేషన్ అప్పటికే నూరేళ్ళుగా ఆ పని చేస్తోంది. 1907లో లాలా లజపతిరాయ్‌ని మాండలేకు పంపింది ఆ రెగ్యులేషనే.

ఆ శిబిరంలోని సంతోష్ కుమార్ మిత్ర ఉదంతం ఈ చట్టం పనితీరును ఏ వ్యాఖ్యానం కన్నా స్పష్టంగా చూపుతుంది. 1920లలో నడిచిన అలీపూర్ కుట్ర కేసులో ఆయనను నిందితుడిగా నిలబెట్టారు. న్యాయస్థానం నిర్దోషి అని వదిలివేసింది. న్యాయస్థానం వదిలినవాడిని విచారణ అక్కరలేని చట్టం పట్టుకుంది. రుజువు చేయలేకపోయిన నేరానికి, రుజువే అవసరం లేని నిర్బంధం. 1931 నాటికి ఆయన హిజ్లీలో ఉన్నారు.

ఆ ఏడాది జూలై 27న అలీపూర్ న్యాయమూర్తి గార్లిక్‌ను కనైలాల్ భట్టాచార్య కోర్టు గదిలోనే కాల్చి చంపాడు. దినేశ్ గుప్తకు ఉరిశిక్ష వేసిన న్యాయమూర్తి ఆయన. ఈ వార్తకు శిబిరంలో సంబరాలు జరిగాయన్నది అధికారుల ఆగ్రహం. కాపలావాళ్ళకూ నిర్బంధితులకూ మధ్య కక్ష పెరిగింది. సెప్టెంబరు 16 రాత్రి సాయుధ పోలీసులు నిర్బంధితులు నివసించే భవనం మీదికే తుపాకులు పేల్చారు. సంతోష్ మిత్ర, బారిసాల్ జిల్లాకు చెందిన తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఎందరో గాయపడ్డారు. మృతదేహాలను కలకత్తాకు తీసుకువెళ్ళడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా హిజ్లీ వచ్చారు.

మొదట వెలువడిన ప్రభుత్వ ప్రకటన ఊహించదగినదే: నిర్బంధితులు దాడి చేశారు, కాపలావాళ్ళు ఆత్మరక్షణ కోసం కాల్చారు. తొంభై ఏళ్ళ తర్వాతి ఎన్‌కౌంటర్ ప్రకటనలు చదివినవారికి ఈ వాక్యం చిరపరిచితంగానే వినిపిస్తుంది. సెప్టెంబరు 26న కలకత్తా మైదానంలో ఆక్టర్లోనీ స్తంభం పాదం వద్ద జరిగిన నిరసన సభకు అనారోగ్యంతో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ అధ్యక్షత వహించారు. డెబ్భై ఏళ్ళ కవి, రాజకీయ సభలంటే ముఖం చాటేసే కవి, అంతటి జనసమూహం ముందుకు రావడమే వార్త. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. ఒక భారతీయ ఐ.సి.ఎస్. న్యాయాధికారి, ఒక ఆంగ్లేయ అధికారి కూర్చుని ఇచ్చిన నివేదిక ప్రభుత్వ కథనాన్ని కూల్చివేసింది. సుమారు 29 రౌండ్లు పేలాయని, భవనం మీదికి విచక్షణారహితంగా కాల్చడానికి ఎటువంటి సమర్థనా లేదని తేల్చింది. సామ్రాజ్యవాద ప్రభుత్వం నియమించిన సంఘం ఆ మాట రాయగలిగింది. స్వతంత్ర భారతంలో ఎన్ని కాల్పుల మీద ఎన్ని విచారణ సంఘాలు అంత సూటిగా రాశాయో రాజకీయ పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు.

సరే, పోరాట విద్యల సంగతి. సినిమా కథలో ఇవి అలంకారం. బెంగాల్ కథలో మాత్రం అవి రాజకీయం. బెంగాలీలు శరీర బలం లేనివారని, గుమాస్తా పనికి తప్ప దేనికీ కొరగారని మెకాలే కాలం నుంచి పాలకులు ఎగతాళి చేస్తూ వచ్చారు. ఆ ఎగతాళికి సమాధానంగా ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఠాగూర్ మేనకోడలు సరళాదేవి కలకత్తాలో వ్యాయామశాల పెట్టి కర్రసాము, కత్తిసాము నేర్పించారు. గురువు ముర్తజా అనే ముస్లిం వస్తాదు. ఢాకాలో పులిన్ బిహారీ దాస్ నడిపిన అనుశీలన్ సమితి శాఖలో లాఠీ విద్యకు పాఠ్యక్రమం, శ్రేణులు, పరీక్షలు ఉండేవి. 1909లో ప్రభుత్వం సమితిని నిషేధించింది. తాలింఖానాలు, సాముగరిడీలు తెలుగునేలకూ తెలియనివి కావు. విజయనగరంలో కోడి రామమూర్తి వ్యాయామశాల నడిపినదీ దాదాపు ఆ కాలంలోనే. అయితే మన దగ్గర తాలింఖానా ప్రదర్శనగా, సర్కస్‌గా, పండుగగా నిలిచింది. బెంగాల్‌లో పోలీసులు దాన్ని కుట్రకు మొదటి మెట్టుగా చూశారు. కర్ర పట్టుకున్న ప్రతి కుర్రవాడి పేరూ రిజిస్టరులోకి ఎక్కింది. నిజం చెప్పాలంటే వారి అనుమానం పూర్తిగా తప్పూ కాదు.

ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. 1929లో ఠాగూర్ జపాన్ నుంచి తకగాకీ అనే జూడో గురువును శాంతినికేతన్‌కు రప్పించారు. అబ్బాయిలతోపాటు అమ్మాయిలకు కూడా జుజుత్సు నేర్పించారు. కవికి సాయుధ విప్లవం మీద నమ్మకం లేదు. కానీ భయం పోవడం వేరు, బాంబు పట్టడం వేరు అని ఆయన అభిప్రాయం. పోలీసుల లెక్కలో ఆ తేడాకు విలువ లేదు.

ఆ రోజుల్లో కలకత్తా కళాశాలల విద్యార్థినులు ‘ఛాత్రీ సంఘ’ అనే సంఘాన్ని పెట్టుకున్నారు. చదువు, ఈత, సైకిలు, కర్రసాము. వారికి ఈ విద్యలు నేర్పిన యువకుడు యుగాంతర్ దళానికి చెందిన దినేశ్ మజుందార్. సంఘం సభ్యురాలు బీనా దాస్ 1932 ఫిబ్రవరి 6న విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో గవర్నర్ స్టాన్లీ జాక్సన్‌పై కాల్పులు జరిపింది. గురి తప్పింది. ఆమెకు తుపాకీ సమకూర్చినది కమలా దాస్‌గుప్తా. ఆ మాట న్యాయస్థానంలో రుజువు కాలేదు. రుజువు కాకపోతేనేం, నిర్బంధ చట్టం ఉంది గదా. కమల ఆ తర్వాతి సంవత్సరాలు విచారణ లేకుండానే చెరలో గడిపారు. అందులో కొంత కాలం హిజ్లీ మహిళా విభాగంలో.

ఇక డిటెక్టివులు. ఆ వృత్తి కూడా బెంగాల్‌కు చిన్న విషయం కాదు. కలకత్తా పోలీసు డిటెక్టివ్ విభాగంలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ తన కేసులను ‘దారోగార్ దప్తర్’ పేరుతో 1892 నుంచి అచ్చువేశారు. అక్కడి నుంచి పుట్టుకొచ్చిన బెంగాలీ అపరాధ పరిశోధక నవలలే అనువాదాలుగా వచ్చి తెలుగులో ఆ ప్రక్రియకు దారి వేశాయి. మన తాతల తరం పాఠకుడు తొలిసారి మోజుపడిన డిటెక్టివు ధోవతి కట్టిన కలకత్తా బాబు. అదే నగరంలో నిజమైన డిటెక్టివు పని 1906 తర్వాత దొంగల నుంచి దేశభక్తుల మీదికి మళ్ళింది. క్రైమ్ ఇన్వెస్టిగేషన్ డిపార్ట్‌మెంట్, ఇంటెలిజెన్స్ బ్రాంచి, స్పెషల్ బ్రాంచి ఒకదాని వెనుక ఒకటి వెలిశాయి. ఆ విభాగాల్లో కాళ్ళరిగేలా తిరిగినవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎక్కువమంది భారతీయులే. 1916లో కలకత్తాలో విప్లవకారుల తుపాకులకు బలైన డిప్యూటీ సూపరింటెండెంట్ బసంత కుమార్ చటర్జీ అటువంటి వారిలో ఒకరు. ఇద్దరూ ఒకే వీధి పిల్లలు, ఒకే భాష మాట్లాడినవారు. ఈ చేదును కూడా చరిత్ర నుంచి చెరిపివేయకూడదు.

వారందరి మీదా నీడ చార్లెస్ టెగార్ట్‌ది. ఐర్లండ్ మనిషి. 1923 నుంచి 1931 వరకు కలకత్తా పోలీసు కమిషనరు. మారువేషాల గురించి, తెరిచిన కారులో ఒంటరిగా తిరిగే తెగువ గురించి ఆయన చుట్టూ పుక్కిటి పురాణాలు పుట్టాయి. ఆయనను చంపడానికి జరిగిన ప్రయత్నాలు ఒకటి రెండు కావు. 1930 ఆగస్టు 25న డల్హౌసీ స్క్వేర్‌లో ఆయన కారు మీద బాంబులు పడ్డాయి. టెగార్ట్ బతికాడు. బాంబు వేసినవారిలో అనుజా సేన్‌గుప్తా అక్కడే చనిపోయాడు. రెండో యువకుడు పట్టుబడ్డాడు. అతడే అమ్మాయిలకు కర్రసాము నేర్పిన దినేశ్ మజుందార్. అతనికి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. తేడా గమనించాలి: దినేశ్‌కు విచారణ జరిగింది, నేరం రుజువైంది, శిక్ష పడింది. వేట కథకు సరిగ్గా సరిపోయే ‘ఖైదీ’ అతను.

1932 ఫిబ్రవరిలో, బీనా దాస్ తుపాకీ పేల్చిన రెండు రోజులకే, దినేశ్ ఇద్దరు సహచరులతో మేదినీపూర్ సెంట్రల్ జైలు గోడ దూకి మాయమయ్యాడు. ఆ జైలుకు హిజ్లీ కొద్ది మైళ్ళ దూరం, మధ్యలో కంసావతి నది. హిజ్లీ శిబిరం నుంచి కూడా తప్పించుకున్నవారున్నారు. వారిలో ఒకరు బారిసాల్ ప్రాంతపు యువకుడు నళినీ దాస్. దినేశ్ లాగా అతనికి ఏ శిక్షా పడలేదు. కాబట్టి న్యాయపరంగా అతను ఏ శిక్ష నుంచీ తప్పించుకోలేదు. అయినా 1933 నాటి పోలీసు దృష్టిలో దినేశ్, నళినీ ఇద్దరూ ఒకటే. ఇద్దరి ఆనవాళ్ళూ అన్ని ఠాణాలకూ వెళ్ళాయి.

ఇద్దరూ చేరినది చందన్‌నగర్. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఫ్రెంచివారి చిన్న పట్టణం. మనకు యానాం ఎలాగో బెంగాల్‌కు అది అలాగ. బ్రిటిష్ వారంటు అక్కడ కాగితంతో సమానం. అందుకే అరవింద ఘోష్ కాలం నుంచి అది పారిపోయినవారికి ఆశ్రయం. కానీ ఆ సరిహద్దుకున్న గౌరవాన్ని టెగార్ట్ అప్పటికే తుడిచివేశాడు. 1930 సెప్టెంబరు 1న తన దళంతో తెల్లవారేలోగా చందన్‌నగర్‌లో ఒక ఇంటిని చుట్టుముట్టి, చిట్టగాంగ్ వీరుల్లో జీవన్ ఘోషాల్‌ను హతమార్చి, గణేశ్ ఘోష్, లోకనాథ్ బల్‌లను పట్టుకువెళ్ళాడు. రెండున్నరేళ్ళ తర్వాత, 1933 మార్చిలో, ఫ్రెంచి పోలీసులే వేటకు దిగారు. పట్టణ పోలీసు అధికారి క్విన్ వెంటాడగా దినేశ్ బృందం తుపాకులు పేల్చింది. క్విన్ చనిపోయాడు. పారిపోయినవారు కలకత్తా జనసముద్రంలోకి జారుకున్నారు.

మే 22న కార్న్‌వాలిస్ వీధిలోని ఒక ఇంటిని పోలీసులు చుట్టుముట్టారు. ఇప్పుడు ఆ వీధి పేరు విధాన్ సరణి. పుస్తకాల అంగళ్ళకూ థియేటర్లకూ పేరు పొందిన చోటు. దినేశ్, నళినీ, జగదానంద ముఖర్జీ లోపల ఉన్నారు. గుండ్లు అయిపోయేదాకా కాల్చారు. గాయాలతో పట్టుబడ్డారు. సినిమా అయితే పతాక సన్నివేశం ఇదే. కర్రసాము నేర్పిన చేతులు అక్కడ పనికిరాలేదు. ఇరవై ఏళ్ళుగా అఖాడాల్లో పెంచిన దేహబలం అంతా చివరికి ఎన్ని తూటాలు మిగిలాయన్న లెక్క దగ్గర ఆగింది. బెంగాల్ విప్లవోద్యమపు బలహీనత కూడా అదే: సాహసం కొండంత, వెనుక నిలబడవలసిన రైతు, కార్మికుడు మాత్రం కనిపించరు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వేలాది కార్మికులు సమ్మె చేస్తున్న కాలంలో, అక్కడికి పిలుపు దూరంలో ఉన్న హిజ్లీలోని విప్లవకారులకు వారితో సంబంధం లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

దినేశ్ మజుందార్‌ను 1934 జూన్ 9న అలీపూర్‌లో ఉరితీశారు. నళినీ దాస్ అండమాన్‌కు వెళ్ళాడు. అక్కడి సెల్యులర్ జైలులో ఆ సంవత్సరాల్లో తెలుగు గొంతు కూడా వినిపించింది. 1933 నాటి కాకినాడ బాంబు కుట్ర కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి అక్కడే ఉన్నారు. అండమాన్‌లో బెంగాలీ విప్లవకారులు చాలామంది మార్క్సిజం చదివి, తమ దారిలో లేనిదేమిటో గుర్తించి, కమ్యూనిస్టులుగా బయటికి వచ్చారు. నళినీ వారిలో ఒకరు. దేశ విభజన తర్వాత ఆయన ఊరు తూర్పు పాకిస్తాన్‌లో పడింది. ఆయన అక్కడే ఉండిపోయారు. స్వతంత్ర పాకిస్తాన్ ఆయనకు ఇచ్చిన బహుమానం మళ్ళీ జైలు, మళ్ళీ అజ్ఞాతవాసం. బ్రిటిష్‌వాడి దృష్టిలో ప్రమాదకరమైన మనిషి కొత్త పాలకుల దృష్టిలోనూ ప్రమాదకరంగానే మిగిలాడు.

వేటగాడి తర్వాతి కథ కూడా చెప్పాలి. టెగార్ట్ భారతదేశం వదిలాక ఆయన నైపుణ్యం వృథా పోలేదు. అరబ్బుల తిరుగుబాటును అణచడానికి 1937 చివర ఆయనను పాలస్తీనాకు పంపారు. ఉత్తర సరిహద్దు పొడుగునా ముళ్ళకంచె, దేశమంతటా కాంక్రీటు పోలీసు కోటలు ఆయన సలహా మీద వెలిశాయి. ఆ కోటలను నేటికీ ‘టెగార్ట్ కోటలు’ అంటారు. వాటిలో కొన్ని ఇప్పటికీ జైళ్ళుగా, ఠాణాలుగా పనిచేస్తున్నాయి. కలకత్తా సందుల్లో నేర్చిన విద్య జెరూసలేం దాకా ఎగుమతి అయింది.

ఇప్పుడు ఆ ‘గ్యాంగ్‌స్టర్’ అన్న మాట దగ్గరికి రావాలి. దానికి మన దేశవాళీ రూపం ‘గూండా’. ఆ మాటకు చట్టబద్ధమైన హోదా ఇచ్చినది కూడా కలకత్తాయే. 1923 నాటి బెంగాల్ గూండాల చట్టం ప్రకారం, గూండా అని పోలీసు కమిషనరు భావించినవాడిని నగరం నుంచి వెళ్ళగొట్టవచ్చు. అక్కడ కూడా బహిరంగ విచారణ లేదు, సాక్షుల పేర్లు బయటపెట్టరు. గూండా మీద ప్రయోగించిన పద్ధతికీ, 1924 ఆర్డినెన్సు నుంచి 1930 చట్టం దాకా విప్లవకారుడి మీద ప్రయోగించిన పద్ధతికీ పోలిక కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ముందు సమాజం ఎవరి కోసమూ కన్నీరు కార్చని మనిషి మీద చట్టాన్ని నిలబెట్టడం, ఆ తర్వాత దాన్ని నచ్చనివాడి మీదికి తిప్పడం. కథలోని డిటెక్టివు అడగని ప్రశ్న సరిగ్గా ఇక్కడే ఉంది.

హిజ్లీ శిబిరం 1937లో మూతపడింది. యుద్ధకాలంలో తిరిగి తెరుచుకుంది. 1942లో నిర్బంధితులను వేరేచోటికి తరలించారు. 1944లో జపాన్ మీద బాంబులు వేసే అమెరికా బి-29 విమానాల కమాండుకు అదే ఆవరణ ప్రధాన కార్యాలయమైంది. 1951లో ఐ.ఐ.టి. మొదలైంది; ఆ ఏడాది ఆగస్టులో మౌలానా ఆజాద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 1956 స్నాతకోత్సవంలో మాట్లాడిన నెహ్రూ, నిర్బంధ శిబిరం ఉన్న చోట నవభారత ఆకాంక్షలకు ప్రతీకగా విద్యాలయం వెలిసిందని సంతోషించారు. ఐ.ఐ.టి. గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ ఆ ప్రసంగం వస్తుంది. రాదగినదే. చెర చదువులబడి కావడం కన్నా అందమైన మార్పు ఏముంటుంది?

అయితే ఆ భవనంలో తరగతులు మొదలయ్యేనాటికి చట్టానికి కొత్త ఇల్లు దొరికి ఏడాది దాటింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, సర్దార్ పటేల్ ముందస్తు నిర్బంధ చట్టాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టి ఆమోదింపజేశారు. ప్రాథమిక హక్కుల అధ్యాయంలోని 22వ అధికరణమే అందుకు తలుపు తెరిచి ఉంచింది. మూడు నెలల వరకు సలహామండలి అభిప్రాయమైనా అక్కరలేకుండా మనిషిని నిర్బంధించవచ్చునని రాజ్యాంగమే అంటుంది. శాంతికాలంలో విచారణలేని నిర్బంధానికి హక్కుల అధ్యాయంలోనే చోటిచ్చిన రాజ్యాంగాలు ప్రపంచంలో చాలా అరుదు. రాసినవారిలో ఎందరో స్వయంగా ఆ నిర్బంధాన్ని అనుభవించినవారు కావడం ఇందులోని విషాదం.

ఆ చట్టానికి తొలి పెద్ద పరీక్ష మద్రాసు రాష్ట్రపు జైలు నుంచే వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. 1950 మేలో ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు చట్టం చెల్లుతుందన్నారు. నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం చెప్పరాదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టివేశారు. ఫజల్ అలీ, మహాజన్ విభేదించారు. ఏడాది కోసమని తెచ్చిన చట్టం పొడిగింపుల మీద పొడిగింపులతో 1969 చివరిదాకా బతికింది. 1970లో పశ్చిమ బెంగాల్ నక్సలైట్ల కోసం తన సొంత నిర్బంధ చట్టం తెచ్చుకుంది. 1971లో మీసా వచ్చింది. అత్యవసర పరిస్థితిలో దాని రుచి పాలక పక్షం తప్ప అందరూ చూశారు. ఆ చేదు అనుభవంతో 1978లో 44వ సవరణ మూడు నెలలను రెండుకు తగ్గించింది. సవరణ ఆమోదం పొందింది గాని, ఆ నిబంధనను అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను ఏ ప్రభుత్వమూ ఈనాటి వరకు జారీ చేయలేదు. మీసాలో మగ్గినవారు కూడా అధికారంలోకి వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. నోటిఫికేషన్ మాత్రం రాలేదు. 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది.

తెలుగునేల మీద దీని రూపం 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం. కల్లుసారా అక్రమ వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్తులు, గూండాలు, భూకబ్జాదారులు అంటూ దాని పేరే ఒక జాబితా. ఎవరిని పట్టుకుంటారని అడిగితే పేరులోనే జవాబు ఉంది, ఎవరు కాదంటారు? ఏడాది వరకు విచారణ లేకుండా ఉంచవచ్చు. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని వారసత్వంగా ఉంచుకున్నాయి. వ్యవహారంలో అది ‘పీడీ యాక్ట్’. న్యాయస్థానం బెయిలు ఇచ్చిన మరునాడే పీడీ యాక్ట్ ఉత్తర్వు వెలువడిన సందర్భాలు హైకోర్టు తీర్పుల్లో కోకొల్లలు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసులో, ఈ చట్టాన్ని యథాలాపంగా ప్రయోగించడం ప్రమాదకర ధోరణి అని కటువుగా హెచ్చరించింది. స్వాతంత్ర్యపు 75వ ఏటి ఉత్సవాలు జరుపుకుంటున్న వేళ ఇదేమిటని ప్రశ్నించింది. 2024 మార్చిలో మరో తెలంగాణ కేసులోనూ నిర్బంధ ఉత్తర్వును కొట్టివేసింది. బెయిలు వచ్చిన నిందితుడిని పట్టుకునే పీడీ యాక్ట్‌కూ, నిర్దోషిగా విడుదలైన సంతోష్ మిత్రను పట్టుకున్న నాటి చట్టానికీ మధ్య ఎంత దూరముందో న్యాయవాదులు కొలిచి చెప్పాలి.

హిజ్లీలోని ఆ పాత భవనం పేరు ఇప్పుడు ‘షహీద్ భవన్’. లోపల నెహ్రూ పేరిట విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఉంది. ఏటా సెప్టెంబరు 16న సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను స్మరిస్తారు. గోడ దూకి పారిపోయిన నళినీ దాస్ 1982లో కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి జాతీయ భద్రతా చట్టం వయసు రెండేళ్ళు.